కారు బానెట్టు ఏల ఎగిరి తెరచుకొనును?

మోటారు కారు ముందు భాగమున ఇంజనును కప్పియుంచు రేకుమూతను బానెట్టు అందురు. ఇంత వెడల్పయిన మూతను కదలకుండ పట్టియుంచునది అరచేతిలో ఇముడునంతటి చిన్న ఉక్కు పరికరము. మెకానిక్కులు దీనిని బానెట్టు లాకు అందురు. మనము గొళ్ళెము అని వ్యవహరింతము. ఎద్దుబండి ఇరుసు చివర నుండు శీల చూచుటకు వ్రేలెడే. కాని అది ఊడినచో చక్రమే జారిపోవును. కారు గొళ్ళెము సంగతియు అట్టిదే.

“ఎన్నిసార్లు మూసినను బానెట్టు మరల పైకి లేచుచున్నది” అనునది కార్లు గలవారు తరచుగ చెప్పు ఫిర్యాదు. ఊరిలో మెల్లగా తిరుగునపుడు ఇది కేవలము చికాకు. హైదరాబాదు నుండి కరీంనగరు మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారి మీదనో, నిర్మలు నుండి ఆదిలాబాదునకు సాగు 44వ జాతీయ రహదారి మీదనో కారు వేగముగా పోవునపుడు అదే దోషము ప్రాణములమీదికి తేగలదు. లేచిన బానెట్టు ముందు అద్దమునకు గోడవలె అడ్డుపడును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున కారు ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు పోవును. డ్రైవరు తేరుకొని బ్రేకు తొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టినదనుకొన్నచో, ఆ లోపల కారు 33 మీటర్లు గ్రుడ్డిగా పరుగెత్తును.

గొళ్ళెము నిర్మాణమెట్టిది, అది ఏల విఫలమగును, దానిని బాగుచేయుట ఎట్లు అను విషయములను క్రమముగా పరిశీలింతము.

గొళ్ళెము పనిచేయు విధము

సాధారణముగా కార్లలో బానెట్టునకు వెనుకవైపున, అనగా ముందు అద్దము దగ్గర, రెండు మడతబందులుండును. ముందు అంచు క్రింద లాడము ఆకారముగా వంచిన ఉక్కు కమ్మి యొకటి బిగింపబడి యుండును. బానెట్టును దించినపుడు ఈ లాడపు కమ్మి క్రిందనున్న గొళ్ళెములోనికి దిగును.

గొళ్ళెములో ముఖ్యముగా రెండు పలకలు కలవు. మొదటిది పంగవలె చీలియుండు పలక. కమ్మి ఈ పంగలోనికి దిగి దానిని నొక్కగా, పలక తన శీలచుట్టు తిరిగి కమ్మిని కౌగిలించుకొనును. రెండవది అడ్డుమీట. పంగ పలక పూర్తిగా తిరుగగానే ఈ మీట స్ప్రింగు బలముచే దాని గంటులో పడి వెనుకకు తిరుగకుండ ఆపును. మూసినపుడు మనకు వినబడు ‘టక్’ మను శబ్దము అడ్డుమీట గంటులో పడిన శబ్దమే. ఆ శబ్దము రానిచో గొళ్ళెము పడలేదని గ్రహింపవలెను.

ఇచ్చట ఒక చక్కని యంత్రసూత్రమున్నది. గాలి బానెట్టును ఎంత బలముగా పైకి లాగినను, ఆ లాగుడు పంగ పలక ద్వారా అడ్డుమీటను దాని శీల వైపునకే నెట్టును గాని ప్రక్కకు త్రోయదు. కనుక పై బలమెంతయైనను మీట తొలగదు. మనము తెరువదలచినపుడు మాత్రము మీటను ప్రక్కకు లాగిన చాలును. అందుకు కొద్దిపాటి బలము సరిపోవును. స్టీరింగు క్రింద నుండు చేపిడిని లాగగా, సైకిలు బ్రేకు తీగవలె గొట్టములో జారు తీగ యొకటి ఈ పని నెరవేర్చును.

మీట తొలగగానే స్ప్రింగు బలమువలన బానెట్టు సుమారు ఒక అంగుళము పైకి లేచి ఆగిపోవును. అచ్చట దానిని ఆపునది మరియొక కొక్కెము. దీనిని రక్షక కొక్కెము అందము. మనము కారు ముందుకు వచ్చి, సందులోనికి వ్రేలు దూర్చి, ఈ కొక్కెమును ప్రక్కకు జరిపిన తరువాతనే బానెట్టు పూర్తిగా లేచును. లోపలి తీగకు రక్షక కొక్కెముతో సంబంధములేదు. డ్రైవరు పొరపాటున చేపిడి లాగినను, తీగ బిగుసుకొని గొళ్ళెము దానంతట అది ఊడినను, బానెట్టు పూర్తిగా తెరచుకొనకుండుటకే ఈ ఏర్పాటు.

గాలి చేయు పని

నిలిచియున్న కారు బానెట్టును దాని బరువే క్రిందికి అదిమిపట్టును. కారు నడచునపుడు గాలి రంగములోనికి వచ్చును. ముందునుండి వచ్చు గాలిలో కొంత జాలీగుండా ఇంజను గదిలోనికి చొచ్చుకొని బానెట్టును క్రిందినుండి పైకి నెట్టును. కొంత గాలి బానెట్టు ముందు అంచుమీదుగా వంగి వేగముగా ప్రవహించును. ప్రవాహ వేగము హెచ్చినచోట పీడనము తగ్గునని బెర్నూలీ సూత్రము చెప్పుచున్నది. కావున క్రింద పీడనము ఎక్కువ, పైన తక్కువ. ఫలితముగా బానెట్టు పైకి లేవజూచును.

ఈ బలమెంతయో లెక్కింతము. కదలు గాలి చూపు పీడనము దాని సాంద్రతలో సగమును వేగముయొక్క వర్గముచే హెచ్చించినంత. గాలి సాంద్రతను ఘనపు మీటరునకు 1.2 కిలోగ్రాములుగా తీసికొన్నచో, ఈ పీడనము గంటకు 40 కిలోమీటర్ల వేగమున చదరపు మీటరునకు సుమారు 75 న్యూటన్లు, 80 కిలోమీటర్ల వేగమున 300, 120 కిలోమీటర్ల వేగమున 670 న్యూటన్లు అగును. వేగము రెట్టింపైన పీడనము నాలుగు రెట్లు, మూడింతలైన తొమ్మిది రెట్లు అగుటను విద్యార్థులు గమనింపవలెను.

ఉదాహరణకు ఒక కారు బానెట్టు వైశాల్యము ఒకటిన్నర చదరపు మీటరనియు, బరువు 16 కిలోగ్రాములనియు అనుకొందము. మూసియున్న బానెట్టు పైక్రిందుల పీడనముల తేడా పై అంకెలలో మూడవ వంతనియు అనుకొందము. అప్పుడు గాలి బానెట్టును పైకెత్తు బలము 40 కిలోమీటర్ల వేగమున 40 న్యూటన్లకు లోపే. 80 కిలోమీటర్ల వేగమున అది 150 న్యూటన్లు. 120 కిలోమీటర్ల వేగమున 335 న్యూటన్లు. బానెట్టును క్రిందికి లాగు భూమ్యాకర్షణ బలమో ఎల్లప్పుడును సుమారు 160 న్యూటన్లే.

ఈ అంకెలలో ఒక ముఖ్య విషయము దాగియున్నది. 80 కిలోమీటర్ల లోపు వేగమున, గొళ్ళెము పడకపోయినను, బానెట్టు తన బరువుచేతనే మూసికొని యుండవచ్చును. డ్రైవరు అంతయు సరిగానున్నదని భ్రమపడును. వేగము ఆ హద్దు దాటగానే, లేదా ఎదురుగా వచ్చు లారీ విసురుగాలి తగులగానే, లేదా గతుకులో కారు ఎగిరిపడగానే బరువు ఓడిపోవును. బానెట్టు ముందు అంచు కొంచెము లేచినంతనే గాలి దాని క్రింద దూరి, పూర్తి పీడనముతో నెట్టును. నిట్టనిలువుగా లేచిన బానెట్టుమీద 80 కిలోమీటర్ల వేగమున సుమారు 450 న్యూటన్ల బలము, అనగా దాదాపు 46 కిలోగ్రాముల బరువు మోపినంత బలము, పనిచేయును. అందుచేతనే అది మెల్లగా లేవదు. ఒక్కసారిగా ఎగిరి అద్దమును కొట్టును. ఊరిలో వారము రోజులు తిరిగినను బానెట్టు లేవలేదు గనుక గొళ్ళెము మంచిదే అనుట సరియైన పరీక్ష కాదు.

మడతబందు ఎచ్చటనుండవలెను?

మడతబందులను ముందువైపున పెట్టినచో గాలియే బానెట్టును మూసియుంచును గదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్న సహేతుకమైనది. మద్రాసులోని స్టాండర్డు మోటారు కంపెనీ 1960వ దశకమున తయారుచేసిన స్టాండర్డు హెరాల్డు కారులో బానెట్టు, ముందు చక్రములపై రేకులు అన్నియు కలిసి ఒకే ముక్కగా ముందుకు వంగి తెరచుకొనుచుండెను. అట్టి బానెట్టు గొళ్ళెము ఊడినను గాలికి వెనుకకు లేవదు. అయినను ఇంజను దగ్గరకు పోవుట, బరువైన ముక్కను ఎత్తుట, చిన్న తాకిడికే పెద్ద ముక్క చెడుట మున్నగు చిక్కులు ఇట్టి ఏర్పాటునకు కలవు. హిందూస్థాన్ మోటార్సు వారు 1958 నుండి 2014 వరకు తయారుచేసిన అంబాసిడరువలె, నేటి కార్లలో చాలవరకు బానెట్టు ముందు అంచు నుండియే తెరచుకొనును.

పాత జీపులలో మరియొక పద్ధతి కానవచ్చును. వాటి బానెట్టునకు ఇరుప్రక్కల, బయటికి కనబడునట్లు, రెండు స్ప్రింగు కొక్కెములుండును. ఒకటి ఊడినను రెండవది పట్టియుంచును. ఊడిన సంగతి దారిన పోవువానికైనను కనబడును. ఈ రెండవ గుణము చాల విలువైనది. దానిని మనము మరువరాదు.

రెండవ కాపలా

బానెట్టు తెరచుకొని డ్రైవరు చూపునకు అడ్డుపడు కార్లకు రెండవ పట్టు తప్పనిసరిగా నుండవలెనని అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1969 జనవరి 1 నుండి భద్రతా ప్రమాణము అమలులోనికి వచ్చెను. మొదటి గొళ్ళెము నూటికొకసారి తప్పుననియు, రక్షక కొక్కెము నూటికొకసారి తప్పుననియు ఊహింతము. రెండును ఒకేసారి తప్పుట పదివేలకొకసారి మాత్రమే యని సంభావ్యతా గణితము చెప్పును.

అయితే ఈ హెచ్చవేత చెల్లుటకు ఒక నియమమున్నది. రెండింటి వైఫల్యములకు కారణములు వేరువేరుగా నుండవలెను. ఒకే దుమ్ము, ఒకే తుప్పు రెండింటిని ఒకేసారి బిగియింపజేసినచో పదివేలకొకసారి అను లెక్క తారుమారగును. ఇంటికి ఇద్దరు కావలివారిని పెట్టి, ఇద్దరికిని ఒకే కుండలోని మత్తుమందు కలిసిన నీరు త్రాగించినట్లే యగును.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము నిస్సాను కంపెనీవారి ఆల్టిమా కారు. అమెరికాలో అమ్మిన 2013వ సంవత్సరపు కార్లను ఆ కంపెనీ 2014లో వెనుకకు పిలిచెను. లోపము రక్షక కొక్కెములో నున్నది. కొక్కెపు మీట దాని ప్రక్కనున్న పట్టీకి ఒరుసుకొనుచుండెను. కాలక్రమమున అచ్చట దుమ్ము పేరుకొనగా, బానెట్టు మూసిన తరువాత కూడ కొక్కెము తెరచిన స్థితిలోనే బిగుసుకొని యుండునని కంపెనీవారే తెలిపిరి. ఆ పిలుపును 2015లోను, 2016లోను విస్తరింపవలసివచ్చెను. 2020లో 2013 నుండి 2018 వరకు గల మోడళ్ళకు చెందిన 18 లక్షలకు పైగా కార్లను మరల పిలిచిరి. ఇంత పెద్ద పరిశ్రమను ఆరేండ్లు వేధించినది ఇంజను కాదు, బ్రేకు కాదు. దుమ్ము చేరిన చిన్న కొక్కెము.

ఈ దోషము అంతకాలము డ్రైవర్లకు తెలియకుండుటకు కారణమేమి? మొదటి గొళ్ళెము పనిచేయుచున్నంతవరకు రెండవదానికి పని తగులదు. పని తగులని దాని లోపము బయటపడదు. రక్షక కొక్కెము చెడిన కారు, మంచి కారువలెనే నడచును. మొదటి గొళ్ళెము తప్పిన ఆ ఒక్క క్షణముననే రెండవది ఎన్నడో చచ్చినదని తెలియును. జీపు కొక్కెములకు గల ‘కనబడు గుణము’ దీనికి లేదు. కనుక దీనిని మనమే పనిగట్టుకొని పరీక్షింపవలెను.

నేటి కొన్ని కార్లలో బానెట్టు సరిగా మూయబడనిచో డ్రైవరు ముందు ఎర్రదీపము వెలుగును. ఇది మూడవ కాపలా. దీనినికూడ గ్రుడ్డిగా నమ్మరాదు. బానెట్టు తెరచియున్న సంగతిని గ్రహించు ఏర్పాటు సరిగా పనిచేయనందున 2024 జూలైలో టెస్లా కంపెనీ అమెరికాలో 18 లక్షలకు పైగా కార్ల సాఫ్టువేరును మార్పవలసివచ్చెను.

ఉత్తర తెలంగాణపు దుమ్ము

గొళ్ళెమునకు శత్రువులైన దుమ్ము, తేమ, తుప్పు అన్నియు పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల ప్రాంతమున సమృద్ధిగా నున్నవి. 2016 అక్టోబరులో ఈ జిల్లాలు చిన్న జిల్లాలుగా విభజింపబడెను గాని నేల స్వభావము, దుమ్ము స్వభావము మారలేదు.

కరీంనగరు చుట్టుపట్ల గ్రానైటు గుట్టలు విస్తారముగా కలవు. ఇచ్చటి ‘టాన్ బ్రౌన్’ రకపు రాయి విదేశములకు కూడ ఎగుమతియగును. గ్రానైటు పొడిలో క్వార్ట్జు రేణువులుండును. మోహ్స్ కాఠిన్యపు కొలతలో క్వార్ట్జు 7వ స్థానమున నున్నది. మెత్తని ఉక్కుకంటె ఇది గట్టిది. ఈ రేణువులు గొళ్ళెపు శీలలమధ్య చేరి సానరాతివలె వాటిని అరగదీయును.

గోదావరిఖని, శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి మున్నగు సింగరేణి ప్రాంతములలో బొగ్గుపొడి ఎక్కువ. ఇది మిక్కిలి మెత్తనిది గనుక సన్నని సందులలో సహితము దూరును. పాత గ్రీజుతో కలిసి కాటుకవంటి ముద్దయగును. మందముగా పూసిన గ్రీజు యంత్రమునకు మేలని కొందరి అభిప్రాయము. దుమ్ముగల చోట అధికమైన గ్రీజు దుమ్మును పట్టు జిగురుగా మారును.

ఆదిలాబాదు ప్రాంతము పత్తికి పేరుపొందినది. పత్తి పండు నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైటు అను బంకమన్ను ఖనిజముండును. ఇది నీటిని పీల్చి ఉబ్బును, ఎండినపుడు గట్టిపడి నెర్రెలు వారును. వానకాలమున చేలబాటల మీద కారు పోవునపుడు చక్రములు చిమ్మిన రేగడిబురద గొళ్ళెముమీద పడి, ఇంజను వేడికి ఎండి, పలకలను అతికించివేయును. పత్తి కాలమున గాలిలో తేలు దూది పోగులు గ్రీజుకు అంటుకొనును.

వాతావరణము కూడ తన వంతు చేయును. ఆదిలాబాదున సాధారణముగా ఏటికి వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురియును. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరికి చేరును. చలికాలపు రాత్రులందు పది డిగ్రీలకు దిగువకు పడిపోవుట కలదు. వేడికి గ్రీజు పలుచనై జారిపోవును, చలికి చిక్కబడి స్ప్రింగునకు అడ్డుపడును. తెల్లవారుజామున మూసినపుడు ‘టక్’ మనని గొళ్ళెము మధ్యాహ్నము సరిగా పడుటకు కారణమిదియే.

దోషమెచ్చట నున్నది?

బాగుచేయుటకు ముందు దోషమును గుర్తింపవలెను. ఇంజనును ఆపి, తాళపుచెవి తీసి, వేడి చల్లారువరకు ఆగవలెను. కొన్ని కార్లలో ఇంజను ఆగిన పిమ్మటకూడ రేడియేటరు పంకా తనంతట తిరుగును గనుక చేతులను దానికి దూరముగా నుంచవలెను. బానెట్టును ఊతకమ్మితో నిలిపిన పిమ్మట క్రింది పరీక్షలు చేయవలెను.

మొదటి పరీక్ష గొళ్ళెమునకు. లాడపు కమ్మికి బదులు స్క్రూడ్రైవరుతో పంగ పలకను క్రిందికి నొక్కవలెను. అది ‘టక్’ మని పడి నిలువవలెను. పడకున్నను, పడి జారిపోవుచున్నను, దోషము గొళ్ళెములోనో దాని స్ప్రింగులోనో తీగలోనో ఉన్నది.

రెండవ పరీక్ష తీగకు. కారులోపలి చేపిడి పూర్తిగా వెనుకకు వచ్చినదో లేదో చూడవలెను. తీగ గొట్టములో తుప్పుపట్టి బిగుసుకొన్నచో, చేపిడిని ఎల్లప్పుడు ఎవరో సగము లాగిపట్టినట్లే యుండును. అప్పుడు అడ్డుమీట గంటులో పూర్తిగా పడదు. గొళ్ళెము వద్ద తీగలో కొద్దిపాటి వదులుండవలెను. తీగ చివరను తాత్కాలికముగా విప్పిచూచినపుడు గొళ్ళెము చక్కగా పడినచో దోషము తీగదే.

మూడవ పరీక్ష పొందికకు. లాడపు కమ్మికి సుద్దపొడి పూసి, పంగ పలకను తెరచిన స్థితిలో నుంచి, బానెట్టును మెల్లగా దించి ఎత్తవలెను. పంగకు నడుమ సుద్ద అంటినచో పొందిక సరిగానున్నది. ఒక ప్రక్క అంచుకే అంటినచో కమ్మి ప్రక్కకు జరిగినది. ఎప్పుడో బర్రెను తాకుటచేతనో, గోడకు ఒరయుటచేతనో ముందు పట్టీ కొంచెము వంగియుండవచ్చును. మడతబందుల బోల్టులు వదులైనను బానెట్టు ప్రక్కకు జరుగును.

నాలుగవ పరీక్ష ఎత్తునకు. బానెట్టు మూలలక్రింద రబ్బరు దిమ్మలుండును. ఇవి ఎక్కువ ఎత్తుగానున్నచో కమ్మి గొళ్ళెము అడుగువరకు చేరదు. మరీ పల్లముగానున్నచో మూసిన బానెట్టు గతుకులలో ఎగిరెగిరి అడ్డుమీటను కుదుపును.

అయిదవది రక్షక కొక్కెము పరీక్ష. బానెట్టు మూసి, లోపలి చేపిడిని లాగి, అంగుళము లేచిన బానెట్టు ముందు అంచును రెండుచేతులతో పైకెత్తి చూడవలెను. కొక్కెమును వ్రేలితో జరుపనంతవరకు అది లేవరాదు. తరువాత బానెట్టు తెరచి, కొక్కెమును ప్రక్కకు నెట్టి వదలవలెను. అది చటుక్కున తన చోటికి రావలెను. బద్ధకముగా వచ్చినను, మధ్యలో ఆగినను, అది పనికిరాదనియే భావింపవలెను.

బాగుచేయు విధము

దోషములలో అధిక భాగము మురికివలన కలుగునవే. పాత గ్రీజును గుడ్డతో తుడిచి, కిరసనాయిలులో ముంచిన కుంచెతో శీలలను, స్ప్రింగులను, కొక్కెమును కడుగవలెను. మంటకు, బీడీ సిగరెట్లకు దూరముగా ఈ పని చేయవలెను. పూర్తిగా ఆరిన పిమ్మట శీలలకు పలుచని యంత్రపు నూనె రెండుమూడు చుక్కలు వేసి, పలకలను ఇరువది ముప్పదిసార్లు ఆడింపవలెను. కమ్మి తాకుచోట మాత్రమే గ్రీజును పలుచగా రాయవలెను. ఇట్లు చేసినంతనే చాల గొళ్ళెములు తిరిగి ‘టక్’ మనును.

పొందిక తప్పినచో, గొళ్ళెపు బోల్టుల చుట్టును సున్నముతోనో పెన్సిలుతోనో గీత గీసి పాతస్థానమును గుర్తుంచుకొనవలెను. బోల్టులను స్పానరుతో కొంచెము మాత్రమే వదులుచేసి, గొళ్ళెమును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి, మరల బిగించి సుద్దపరీక్ష చేయవలెను. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. ఇది ప్రయోగశాలకును వర్తించు నియమమే. రబ్బరు దిమ్మలు చాలవరకు మరవలె తిరుగును. వాటిని త్రిప్పి, మూసిన బానెట్టు ఇరుప్రక్కల రేకులతో సమముగానుండునట్లు చేయవలెను.

స్ప్రింగు విరిగినను, సాగినను, అడ్డుమీట అంచు అరిగి గుండ్రనైనను, తీగ పోగులు తెగినను ఆ భాగమును మార్చుటయే కర్తవ్యము. అరిగిన అంచును ఆకురాయితో రుద్ది నిలుపుట, వెల్డింగు పెట్టుట తగదు. వెల్డింగు వేడికి గట్టి ఉక్కు తన గుణమును కోల్పోవును. త్రాడుతోనో తీగతోనో బానెట్టును కట్టుట మెకానిక్కు షెడ్డువరకు మెల్లగా పోవుటకే గాని ప్రయాణమునకు కాదు.

పని ముగిసిన పిమ్మట అయిదు పరీక్షలను మరల వరుసగా చేయవలెను. అన్నియు సరియైన తరువాతనే కారును రహదారి ఎక్కింపవలెను. బానెట్టు మూయునపుడు క్రింద గుడ్డ, స్పానరు వంటివి మరచినచో కొత్త గొళ్ళెమైనను పడదని గుర్తుంచుకొనవలెను.

మార్గమధ్యమున తెరచుకొన్నచో

పోవుచుండగా బానెట్టు అంగుళము లేచి కొట్టుకొనుచున్నట్లు కనబడినచో, మొదటి గొళ్ళెము ఊడినదనియు, రక్షక కొక్కెము ఒక్కటే పట్టియున్నదనియు అర్థము. వెంటనే వేగము తగ్గించి ఎడమ ప్రక్కన ఆగవలెను. “ఊరు దగ్గరే గదా” అని ముందుకు పోరాదు.

పూర్తిగా ఎగిరి అద్దమునకు అడ్డుపడినచో స్టీరింగును తిన్నగా పట్టుకొనవలెను. హఠాత్తుగా గట్టి బ్రేకు తొక్కినచో వెనుకవచ్చు లారీ గుద్దుకొనవచ్చును. నాలుగు మూలల దీపములు మినుకుమినుకుమనునట్లు మీట నొక్కి, వేగమును క్రమముగా తగ్గింపవలెను. మడతబందుల దగ్గర బానెట్టునకును కారునకును నడుమ ఒక సన్నని సందు కనబడవచ్చును. దానిగుండాను, ప్రక్క కిటికీగుండాను దారి చూచుచు ఎడమకు చేరి నిలుపవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు పై విషయమును బల్లపంకాతో చూపవచ్చును. ఒక అట్టపెట్టె పైమూతను మూడు ప్రక్కల కోసి, ఒక ప్రక్క మడతగా నుంచవలెను. తెరచుకొను అంచు పంకా వైపు ఉండునట్లు పెట్టెను బల్లమీద పెట్టి, ఆ వైపు గోడలో జాలీవలె కొన్ని రంధ్రములు చేయవలెను. మూతమీద నాణెములను ఒక్కొక్కటిగా పేర్చి, పంకా ఒక్కొక్క వేగమున తిరుగునపుడు మూత లేవకుండుటకు ఎన్ని నాణెములు కావలసినవో వ్రాసికొనవలెను. వేగము పెరిగినకొలది నాణెముల సంఖ్య ఎట్లు పెరుగునో విద్యార్థులే కనుగొందురు. తరువాత మూత అంచును అరయంగుళము ఎత్తియుంచి మరల పరీక్షింపవలెను. ఇప్పుడు మూత ఎంత సులభముగా ఎగురునో చూచి ఆశ్చర్యపడుదురు. చివర పెట్టెను త్రిప్పి మడత ప్రక్కను పంకా వైపు ఉంచినచో, గాలి మూతను ఎత్తుటకు బదులు అణచుట కనబడును. స్టాండర్డు హెరాల్డు బానెట్టు రహస్యము ఇట్లు ప్రత్యక్షమగును.

ఈ పాఠము కారునకు మాత్రమే పరిమితము కాదు. ప్రెషరు కుక్కరునకు బరువుగల విజిలుతోపాటు రక్షక కవాటముండును. లిఫ్టునకు త్రాళ్ళతోపాటు వేరుగా పట్టుబ్రేకుండును. బడి గోడకు ఇసుకబకెట్టు, అగ్నిమాపక సిలిండరు వ్రేలాడుచుండును. ఇవన్నియు రెండవ కాపలాలే. వీటికి నిత్యము పని తగులదు గనుక వీటి లోపము నిత్యము కనబడదు. పనిచేయుచున్న దానిని మనము ఎటులైనను చూచుచునే యుందుము. పనిలేక నిలిచియున్న దానిని నెలకొకసారి పిలిచి పలుకరించుట అలవాటు చేసికొనవలెను. బానెట్టు విషయమున ఆ పలుకరింపునకు పట్టునది రెండు నిమిషములు, కావలసినది ఒక్క వ్రేలు.